పిల్లల తిండి – తల్లిదండ్రుల నిబ్బరం

పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి ఒకటున్నది. బెదిరిన గేదె పాలు చేపదు. కొత్త మనిషి పితకడానికి కూర్చున్నా, పక్కన కుక్క మొరిగినా, కర్ర పట్టుకొని నిలబడినా, పొదుగు నిండుగా ఉండి కూడా పాలు దిగవు. పొదుగు కడిగి, నిమిరి, దూడను వదిలినప్పుడు గేదె మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలో కలిసి పాలను కిందికి దింపుతుంది. భయం కలిగితే అడ్రినలిన్ అనే మరొక హార్మోను విడుదలై ఆ పనికి అడ్డు తగులుతుంది. అందుచేతనే అనుభవం ఉన్న రైతు గేదెతో కుస్తీ పట్టడు. వేళకు మేత వేస్తాడు, వేళకు కూర్చుంటాడు. మనిషి చెయ్యి నిబ్బరంగా ఉంటే పశువూ నిబ్బరంగా ఉంటుంది.

ఇంత ఓర్పు తెలిసిన ఇంట్లోనే, పిల్లవాడి కంచం దగ్గరకు వచ్చేసరికి ఆ నిబ్బరం కనిపించదు. బిడ్డ రెండు ముద్దలు తిని మొహం తిప్పితే తల్లికి కంగారు, తండ్రికి కోపం, నాయనమ్మకు దిష్టి అనుమానం. “ఇంకొక్క ముద్ద” అని బతిమాలడం, “బూచాడు వస్తాడు” అని బెదిరించడం, “తింటే బిస్కట్ ఇస్తా” అని ఆశ పెట్టడం మొదలవుతాయి. ఇదంతా ప్రేమతో చేసే పనే, సందేహం లేదు. కాని ఈ కంగారుకు, పిల్లలు అతిగా తినడానికి, అసలు తినకపోవడానికి దగ్గర సంబంధం ఉన్నదని గత నాలుగైదు దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నాయి. ఆ సంబంధం ఎటువంటిదో, తల్లిదండ్రులకు నిబ్బరం ఎట్లా చిక్కుతుందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ధూల్‌పేట్ ఇంట్లో ఒక రోజు

మనం సంఘంలో పోసే పాలు నగరంలో ఎటువంటి ఇళ్లకు చేరుతున్నాయో, ఆ ఇళ్లలో పిల్లలు ఎట్లా తింటున్నారో ఆలోచించడం కూడా మన పనిలో భాగమే. ఉదాహరణకు హైదరాబాదు పాతనగరంలో పురానాపూల్, మంగళ్‌హాట్‌ల దగ్గరి ధూల్‌పేట్‌ను తీసుకుందాం. ఉత్తరాది నుంచి ఎన్నో తరాల క్రితం వచ్చి స్థిరపడిన లోధ్ కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. వినాయక చవితి విగ్రహాలకు, సంక్రాంతి గాలిపటాలకు, శ్రావణ పూర్ణిమ రాఖీలకు ఈ పేట పేరు పొందింది. ఈ పనులలో చాలా భాగం ఇంటి ముందో, ఇంటి లోపలో జరిగేవే. ఇంటిల్లిపాదీ పని చేస్తారు. పండుగ దగ్గర పడిన కొద్దీ పని పెరుగుతుంది, పండుగ వెళ్లగానే రాబడి తగ్గుతుంది.

అటువంటి ఇంట్లో పండుగ ముందటి రోజు ఒకటి ఊహించుకుందాం. తల్లి చేతులకు రంగో, జిగురో అంటి ఉన్నది. మూడేళ్ల పిల్లవాడు కొంగు పట్టుకొని ఏడుస్తున్నాడు. చేతులు కడుక్కొని అన్నం కలిపే వ్యవధి లేదు. అయిదు రూపాయలిచ్చి చిప్స్ ప్యాకెట్టు తెప్పిస్తే ఏడుపు ఆగుతుంది. మధ్యాహ్నం మరొకటి. రాత్రి పని ముగిశాక తల్లికి మనసు పీకుతుంది: “పొద్దుటి నుంచి బిడ్డ సరిగా తినలేదు.” అప్పుడు కంచం నిండా అన్నం కలిపి, ఫోను చేతికిచ్చి, “ఇంకో నివాలా, ఇంకో నివాలా” అంటూ పూర్తయ్యే దాకా తినిపిస్తుంది. పగలంతా పట్టు లేదు, రాత్రి పట్టు మితిమీరింది. ఈ రెండూ పైకి వేరువేరుగా కనిపిస్తాయి గాని, రెండింటికీ మూలం ఒక్కటే. బిడ్డకు తిండి సరిగా పెట్టగలుగుతున్నానా అన్న విషయంలో ఆ తల్లికి తన మీద తనకు నమ్మకం చాలడం లేదు.

మన పల్లెలలో మాత్రం పరిస్థితి వేరుగా ఉన్నదా? నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో ఇదే జరుగుతుంది. అన్ని కాలాలలోనూ ఉదయం, సాయంత్రం పాలు పితికి సేకరణ కేంద్రానికి చేర్చే వేళ, పిల్లలకు ఆకలి వేసే వేళ దాదాపు ఒక్కటే. కాబట్టి ధూల్‌పేట్ తల్లి సమస్య మన సభ్యుల ఇళ్లకు కూడా కొత్తది కాదు.

ఆకలికి కొలత బిడ్డలోనే ఉన్నది

ఎంత తినాలో పసిబిడ్డకు తెలుస్తుందా అని చాలామందికి అనుమానం. ఈ విషయం మీద 1920లలోనే అమెరికాలో డాక్టర్ క్లారా డేవిస్ ఒక ప్రయోగం ప్రారంభించింది. తల్లిపాలు మరచిన 15 మంది పసిపిల్లల ముందు పాలు, గుడ్లు, మాంసం, గింజలు, కూరగాయలు, పళ్లు వంటి 30కి పైగా పదార్థాలను మార్చి మార్చి పెట్టేవారు. పక్కన కూర్చున్న నర్సు తినమని గాని, వద్దని గాని చెప్పకూడదు. బిడ్డ చూపినదే చెంచాతో అందించాలి. ఒక్కో పూట పిల్లల ఎంపిక వింతగా ఉండేది. అయినా మొత్తం మీద అందరూ చక్కగా పెరిగారు. ఇందులో మరచిపోకూడని అంశం ఒకటున్నది. ఆ పళ్లెంలో పెట్టిన పదార్థాలను ఎంపిక చేసింది పెద్దలే. చక్కెర కలిపినది అందులో ఒక్కటీ లేదు. అంటే పళ్లెంలో ఏమి ఉండాలో పెద్దలు సరిగా నిర్ణయిస్తే, ఎంత తినాలో బిడ్డ నిర్ణయించుకోగలదన్న మాట.

1991లో లియాన్ బర్చ్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 2 నుంచి 5 ఏళ్ల పిల్లలు 15 మంది తిండిని పూటపూటకూ తూచి చూశారు. ఒక పూటకూ మరొక పూటకూ పిల్లలు తిన్నదానిలో ఎంతో హెచ్చుతగ్గు కనిపించింది. కాని రోజు మొత్తానికి చూస్తే ఆ తేడా సుమారు 10 శాతమే. పొద్దున తక్కువ తిన్న బిడ్డ సాయంత్రం సరిచేసుకుంటున్నాడు. కాబట్టి ఒక్క పూట చూసి కంగారు పడటం, ఒక్క పూట పాలు తగ్గాయని గేదెను అమ్మకానికి పెట్టడం వంటిదే.

మరొక సంగతి కూడా తల్లులు తెలుసుకొని ఉండాలి. పుట్టినప్పుడు సుమారు 3 కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి దాదాపు 9 కిలోలు అవుతాడు. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలు మాత్రమే. పెరుగుదల వేగం తగ్గినప్పుడు దానికి తగినట్లు ఆకలి కూడా తగ్గుతుంది. “మొన్నటి దాకా బాగా తినేవాడు, ఇప్పుడు ముట్టడం లేదు” అని తల్లులు బెంగపడేది సరిగ్గా ఈ వయసులోనే. ఆస్ట్రేలియాలో 2010లో వెలువడిన ఒక పరిశీలన ఈ విషయాన్ని మరొక వైపు నుంచి చూపింది. పిల్లలకు మంచి తిండి అలవాటు చేయగలమన్న నమ్మకం ఏడాది పిల్లల తల్లులలో కన్నా అయిదేళ్ల పిల్లల తల్లులలో తక్కువగా కనిపించింది. ఆ నమ్మకం ఎక్కువ ఉన్నచోట పిల్లల తిండి మెరుగ్గా ఉన్నది.

నిబ్బరం తప్పితే జరిగేది

తన మీద నమ్మకం చాలని తల్లిదండ్రులు సాధారణంగా మూడు దారులు తొక్కుతారు.

మొదటిది బలవంతం. కంచం ఖాళీ చేయాల్సిందేనని పట్టుబట్టడం. 1987లో బర్చ్ బృందం చిన్నపిల్లలను రెండు జట్లు చేసి చూసింది. ఒక జట్టుకు తమ ఆకలి, కడుపు నిండిన తృప్తి ఎట్లా ఉంటాయో గమనించడం నేర్పారు. రెండో జట్టు దృష్టిని కంచంలో ఎంత మిగిలిందనే దాని మీదికి, తింటే దొరికే బహుమతి మీదికి మళ్లించారు. మొదటి జట్టు పిల్లలు ముందుగా బలమైన పదార్థం తింటే తరువాత తక్కువ తిన్నారు. రెండో జట్టు పిల్లలలో ఆ సర్దుబాటు కనిపించలేదు. కడుపు చెప్పే మాట వినడం మానేసి, కంచం చెప్పే మాట వినడం నేర్చుకున్నారు. పెద్దయ్యాక పెద్ద కంచం ఎదుటికి వచ్చినప్పుడు ఇటువంటి అలవాటు ఎటు దారి తీస్తుందో వేరే చెప్పనక్కర లేదు. బలవంతానికి మరొక ఫలితం కూడా ఉన్నది. 2006లో వెలువడిన ఒక ప్రయోగంలో సూప్ పూర్తిగా తాగమని ఒత్తిడి చేసినప్పుడు పిల్లలు తక్కువ తాగారు, దాని మీద అయిష్టం కూడా చూపారు. అనగా బలవంతం కొందరిని అతిగా తినేవారిగా, మరికొందరిని మొండివారిగా తయారుచేస్తుంది.

రెండోది లంచం, నిషేధం. “కూర తింటేనే చాక్లెట్” అన్నప్పుడు బిడ్డ నేర్చుకునేది, కూర శిక్ష అని, చాక్లెట్ బహుమానమని. అట్లాగే ఇంట్లో కంటికి కనిపించేచోట మిఠాయి డబ్బా పెట్టి “ముట్టుకోవద్దు” అంటే దాని మీద మనసు రెట్టింపవుతుంది. కంటి ముందు ఉంచి చేతికి అందనివ్వని పదార్థం మీద పిల్లల ఆసక్తి పెరుగుతుందని 1999లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి. అసలు ఇంటికి తక్కువగా తేవడమే మంచిది. తెచ్చిన రోజున అందరితోపాటు బిడ్డకూ ఇంత పెట్టి, ఆ సంగతి అంతటితో వదిలివేయాలి.

మూడోది బుజ్జగింపు. ఏడ్చినా, విసిగించినా, కింద పడినా తినడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టడం. నిద్ర వచ్చిన ఏడుపునూ, ఆకలి ఏడుపునూ ఒకే మందుతో మాన్పితే బిడ్డకు ఆ తేడా తెలియకుండా పోతుంది. దిగులు కలిగితే తినాలి, తోచకపోతే తినాలి అన్న అలవాటు ఇక్కడే పడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పుకోవాలి. బలవంతం చేసినందువల్లనే బిడ్డ తినడం లేదని అన్ని ఇళ్లలోనూ చెప్పలేము. బిడ్డ పుట్టుక నుంచి సన్నగా ఉండటం వల్ల తల్లి బలవంతానికి దిగి ఉండవచ్చు. కంగారు, తిండి సమస్య ఒకదానినొకటి పెంచుకుంటూ పోతాయి. కనుక తల్లిని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ చుట్టును ఎక్కడో ఒకచోట తెంచవలసి ఉన్నది. అందుకు పెద్దల నిబ్బరమే అందుబాటులో ఉన్న చోటు.

నిబ్బరం అంటే ఏమిటి?

నిబ్బరం అంటే మొండితనం కాదు, పట్టనితనమూ కాదు. “ఈ పని నాకు చేతనవును” అన్న నమ్మకం. ఈ నమ్మకం మీద ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977లో ఒక ప్రసిద్ధ సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఆయన చెప్పిన ప్రకారం ఇది నాలుగు దారులలో వస్తుంది. తాను స్వయంగా చేసి గెలిచిన అనుభవం ఒకటి. తనవంటి వారు చేయడం కళ్లారా చూడటం రెండు. తనకు గౌరవం ఉన్నవారు “నీవు చేయగలవు” అనడం మూడు. మనసు, శరీరం అలసట లేకుండా ఉండటం నాలుగు.

మొదటిసారి పాలు పితికిన రోజు గుర్తు చేసుకుంటే ఇది వెంటనే అర్థమవుతుంది. అత్తగారో, అమ్మో పితుకుతుండగా చూశాము. పక్కన నిలబడి వారు ధైర్యం చెప్పారు. నాలుగు ధారలు పడ్డాక చెయ్యి కుదిరింది. తిండి పెట్టడం కూడా అట్లాగే నేర్చుకునే విద్య. పుట్టుకతో వచ్చేది కాదు. పొరుగింటావిడ “మీ వాడు చిక్కిపోయాడేం?” అన్న ఒక్క మాట ఈ నమ్మకాన్ని ఎంత దెబ్బతీస్తుందో కూడా దీనివల్ల తెలుస్తుంది.

ఇక బాధ్యతల పంపకం ఎట్లా ఉండాలి? అమెరికాలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు 1980ల నుంచి ప్రచారం చేసిన సూత్రం చాలా తేలికైనది. ఏమి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్న మూడూ పెద్దలవి. తినాలా వద్దా, ఎంత తినాలి అన్న రెండూ బిడ్డవి. ధూల్‌పేట్ ఉదాహరణలో ఈ వరుస తిరగబడింది. ఏమి, ఎప్పుడు అన్నది పగలు బిడ్డ చేతికి పోయింది. ఎంత అన్నది రాత్రి తల్లి చేతికి వచ్చింది.

నల్లగొండ గ్రామాలలో చేసి చూశారు

ఇదంతా విదేశీ ముచ్చట అని కొట్టిపారేయనక్కర లేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు మరికొందరితో కలిసి, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నల్లగొండ జిల్లాలో 60 గ్రామాలలో సుమారు 600 మంది తల్లీబిడ్డలతో ఒక పరిశోధన నిర్వహించారు. దాని ఫలితాలు 2013లో ప్రచురితమయ్యాయి. బిడ్డలకు 3 నెలల వయసు నుంచి 15 నెలల దాకా ఇది సాగింది. గ్రామాలను మూడు వర్గాలు చేశారు. మొదటి వర్గానికి మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో వర్గానికి అదనపు ఆహారం గురించి ఇంటింటికీ వెళ్లి సలహాలిచ్చారు. మూడో వర్గానికి ఆ సలహాలతోపాటు, బిడ్డ సైగలను గమనిస్తూ తినిపించడం, సాదా బొమ్మలతో ఆడించడం కూడా నేర్పారు.

సలహాలందిన రెండు వర్గాలలోనూ పిల్లల ఆహారం మెరుగుపడింది. బిడ్డ సైగలు చూస్తూ తినిపించడం, ఆడించడం నేర్చుకున్న మూడో వర్గంలో పిల్లల మానసిక వికాసం కూడా మెరుగ్గా కనిపించింది. ఈ పరిశోధన అతిగా తినడం గురించి చేసినది కాదు, తల్లుల నమ్మకాన్ని కొలిచినదీ కాదు. అయినా మనకు పనికివచ్చే పాఠం ఇందులో ఉన్నది. మన పల్లె తల్లులు ఈ పద్ధతి నేర్చుకోగలరు. ఇంటికి వచ్చి ఓపికగా చెప్పే మనిషి ఉంటే చాలు.

ఇక్కడ ఒక భేదం గుర్తుంచుకోవాలి. “ఎంత తినాలో బిడ్డ ఇష్టం” అంటే కంచం ముందు పడవేసి పోవడం కాదు. ఏడాది, రెండేళ్ల బిడ్డకు పక్కన కూర్చొని, కళ్లలోకి చూస్తూ, మాట్లాడుతూ, తినిపించే మనిషి కావాలి. జ్వరమో, విరేచనాలో వచ్చి కోలుకుంటున్న బిడ్డకు తరచుగా, కొంచెం ఎక్కువగా పెట్టాలి. మన పెద్దలు చందమామను చూపిస్తూ గోరుముద్దలు తినిపించినది ఇటువంటి పద్ధతే. అక్కడ తల్లి చూపు బిడ్డ మీద, బిడ్డ చూపు తల్లి మీద ఉండేవి. ఫోను చూపించి తినిపించినప్పుడు బిడ్డకు తల్లీ కనపడదు, ముద్దా కనపడదు, కడుపు నిండిన సంగతీ తెలియదు.

పాల సంగతి దాచకుండా చెప్పుకోవాలి

పాలు పోసే సంఘం వారు “పాలు ఎక్కువ తాగించవద్దు” అనడం విడ్డూరంగా తోచవచ్చు. కాని మన పాలు తాగే బిడ్డ ఆరోగ్యంగా పెరిగితేనే మన పాలకు గౌరవం.

జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల గేదె పాలలో సుమారు 117 కేలరీల శక్తి, 4.3 గ్రాముల మాంసకృత్తులు, 210 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. ఆవు పాలలో 67 కేలరీలు, 3.2 గ్రాముల మాంసకృత్తులు, 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. మంచి ఆహారమే. అయితే ఒక లెక్క చూడండి. 200 మిల్లీలీటర్ల గ్లాసుడు గేదె పాలలో సుమారు 234 కేలరీలు. రెండు చెంచాల చక్కెర వేస్తే మరో 40. మొత్తం 274. అన్నం తినలేదన్న బెంగతో రోజుకు నాలుగు గ్లాసులు పట్టిస్తే 1,096 కేలరీలు. ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకు రోజంతటికీ కావలసిన శక్తి సుమారు 1,100 కేలరీలే. అంటే పాలతోనే రోజు కోటా నిండిపోయింది. ఇక అన్నం ఎట్లా తింటాడు? తినలేదని మళ్లీ పాలు, పాలు తాగాడు కనుక మళ్లీ అన్నం వద్దు. ఈ చుట్టులో తల్లి నమ్మకం రోజురోజుకూ సడలిపోతుంది.

పైగా పాలలో ఇనుము చాలా స్వల్పం. పాలతోనే కడుపు నింపుకునే పిల్లలలో రక్తహీనత వస్తుంది. బలవంతంగా అన్నం కూడా పెడితే ఒంట్లో కొవ్వు చేరుతుంది. చూడటానికి బొద్దుగా ఉండి కూడా రక్తం లేని బిడ్డలు ఉండేది ఇందువల్లనే. 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలలో, 2,000 కేలరీలు తీసుకునే మనిషి రోజువారీ ఆహారానికి సూచించిన పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు. చిన్నపిల్లలకు కూడా ఒకటి, రెండు గ్లాసులు చాలు. వాటిని భోజనానికి ముందు కాకుండా, రెండు భోజనాల నడుమ గాని, పెరుగుగా అన్నంలో గాని ఇవ్వాలి. చక్కెర అలవాటు చేయకపోతే బిడ్డ దానిని అడగదు. ఆరు నెలలు నిండే దాకా మాత్రం తల్లిపాలు తప్ప మరేమీ వద్దు.

సమస్య రెండు వైపులా ఉన్నది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు లేనివారు 2015–16లో 28 శాతం. 2019–21 సర్వేలో అది 33.1 శాతం. ఇదే కాలంలో దేశం మొత్తం మీద అధిక బరువున్న పిల్లలు 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగారు. అధిక బరువు అంకె ఇంకా చిన్నదే, కాని పెరుగుతున్నది. ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంట్లో ఒక బిడ్డ గిడసబారి, మరొక బిడ్డ లావెక్కి కనిపించవచ్చు. కాబట్టి “అందరికీ ఎక్కువ పెట్టండి” అన్న సలహా గాని, “అందరికీ తగ్గించండి” అన్న సలహా గాని పనికిరాదు. తన బిడ్డ ఏ వైపున ఉన్నదో ప్రతి తల్లికీ తెలియాలి.

అందుకు కంటి అంచనా చాలదు. పాలు చూసి వెన్న శాతం చెప్పలేమని మనకు తెలుసు. అందుకే సంఘంలో పరీక్ష చేసి ధర కడతాము. బిడ్డ విషయంలో ఆ పరీక్ష అంగన్‌వాడీలోని తూకం, పెరుగుదల పట్టిక. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం నాటి నుంచి తూకం ఈ కేంద్రాల ముఖ్యమైన పనులలో ఒకటి. పట్టికలో గీత బిడ్డ దారిలోనే పైకి పోతుంటే, ఎవరు ఏమన్నా తల్లి ధైర్యంగా ఉండవచ్చు. నిబ్బరానికి ఇంతకన్నా గట్టి పునాది లేదు.

ఇంట్లో పాటించవలసినవి

1. వేళలు ఏర్పరచండి. చిన్నపిల్లలకు రోజుకు మూడు భోజనాలు, నడుమ రెండుసార్లు చిరుతిండి. ఈ వేళల మధ్య మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. పాలు పితికే వేళకు ముందే పిల్లవాడి తిండి ముగిసేట్లు చూడండి.

2. పని ఒత్తిడి ఉన్న రోజులకు ముందే సిద్ధం కండి. ఉడికించిన పల్లీలు, వేయించిన సెనగలు, అరటిపండు, పెరుగన్నం, ఉడికిన గుడ్డు అందుబాటులో ఉంటే ప్యాకెట్టు అవసరం పడదు. పల్లీలు, సెనగలు మూడు, నాలుగేళ్ల లోపు పిల్లలకు గింజలుగా ఇవ్వవద్దు, గొంతుకు అడ్డుపడతాయి. వారికి మెత్తగా దంచి పెట్టండి.

3. మొదట తక్కువ వడ్డించండి. అడిగితే మళ్లీ పెట్టండి. కంచంలో మిగిలితే మౌనంగా తీసివేయండి.

4. బిడ్డ సైగలు గమనించండి. నోరు మూసుకోవడం, తల తిప్పుకోవడం, ముద్దతో ఆడుకోవడం కడుపు నిండిన గుర్తులు.

5. కొత్త కూర మొదటిసారే నచ్చదు. 8, 10 సార్లు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువసార్లు, కొంచెం కొంచెంగా పెడుతూ ఉంటే అలవాటవుతుంది.

6. పెద్దలు కూడా అదే తినాలి. తండ్రి కూర పక్కకు నెట్టి కొడుకును తినమంటే సాగదు.

7. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. అమ్మ వద్దన్నది నాయనమ్మ చాటుగా ఇస్తే బిడ్డ ఆ దారినే పోతుంది. నాయనమ్మను కాదనకుండా, “అత్తమ్మా, సాయంత్రం నాలుగు గంటల పండు మీ చేతి మీదుగానే ఇవ్వండి” అని ఆమెకు ఒక వేళ అప్పగించండి.

8. అన్నీ ఒకేసారి మార్చవద్దు. ఈ వారం వేళలు, వచ్చే వారం ఫోను. ఒకటి కుదిరితే రెండోదానికి ధైర్యం వస్తుంది.

మొదటి నాలుగైదు రోజులు బిడ్డ పేచీ పెడుతుంది. తక్కువ తినవచ్చు కూడా. తల్లిదండ్రుల నిబ్బరానికి అదే పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఒక పూట తక్కువ తిన్నందువల్ల నష్టపోదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

నిబ్బరం పేరుతో జబ్బును ఉపేక్షించరాదు. బరువు వరుసగా రెండు, మూడు నెలలు పెరగకపోయినా, తగ్గినా, పాదాలు వాచినా, వాంతులు, విరేచనాలు ఆగకపోయినా, మింగడం కష్టమైనా, ఒళ్లు పాలిపోయినా వెంటనే వైద్యునికి చూపించాలి. ఆరు నెలలు నిండి అయిదేళ్ల లోపున్న బిడ్డకు జబ్బ మధ్య చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. ఎంత తిన్నా చిక్కిపోతూ, విపరీతమైన దాహంతో మాటిమాటికీ మూత్రానికి పోయే బిడ్డకు మధుమేహం ఉండవచ్చు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. బరువు బాగా ఎక్కువై రాత్రిళ్లు గురక పెట్టే బిడ్డను కూడా చూపించాలి. దిష్టి తీసినా తీయండి, తూకం మాత్రం మానవద్దు.

సంఘం చేయగలిగిన పని

ఒంటరిగా ఉన్న తల్లికి నమ్మకం కలగడం కష్టం. తనవంటి నలుగురిని చూసినప్పుడే “నేనూ చేయగలను” అనిపిస్తుంది. అటువంటి నలుగురు రోజుకు రెండుసార్లు కలుసుకునే చోటు మన పాల సేకరణ కేంద్రం. నెలకొకసారి సభ్యురాళ్ల సమావేశంలో అరగంట ఈ విషయానికి కేటాయించవచ్చు. అంగన్‌వాడీ టీచరును పిలిచి పెరుగుదల పట్టిక చదవడం నేర్పించవచ్చు. బిడ్డ తిండి విషయంలో పేచీలు గట్టెక్కిన తల్లి చేత తన అనుభవం చెప్పించవచ్చు. వరుసలో నిలబడినప్పుడు “మీ వాడు చిక్కిపోయాడు” అనే మాటకు బదులు “ఈ నెల తూకం ఎంత వచ్చింది?” అని అడగడం అలవాటు చేసుకోవచ్చు. ఇందుకు పైసా ఖర్చు లేదు.

గేదెను నమ్మకంతో మచ్చిక చేసుకొని, వేళ తప్పకుండా సాకి, కొలత ప్రకారం నడుచుకునే పాడి రైతుకు ఈ విద్య కొత్తగా నేర్పనక్కర లేదు. ఆ ఓర్పును కొట్టం నుంచి వంటింటికి తెచ్చుకుంటే చాలు. మంచి తిండి వేళకు పెట్టడం మన వంతు. చాలు అన్నప్పుడు ఆ మాట వినడం కూడా మన వంతే.